టికెట్టు డబ్బు ముందే అందాలి

భీమవరంలో పుట్టిన ఒక యువ వైద్యుడు 1922లో అమెరికా ప్రయాణమయ్యారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో చదువుకునే అవకాశం వచ్చింది, వెళ్లడానికి మాత్రం డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగతాది మామగారు సర్దారు. అక్కడ దిగాక ఆసుపత్రిలో రాత్రి పని చేసుకుంటూ చదువుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి, 1925లో, అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు ఇవాళ్టికీ ఆ పద్ధతిని వాళ్లిద్దరి పేరుతోనే పిలుస్తారు.

సుబ్బారావు గారి కథ మీలో చాలామందికి తెలిసిందే. అందులో ఒక్క సంగతి మాత్రం ఈ పూట గుర్తుచేయాలని ఉంది. ధర్మసంస్థ మాట, మామగారి డబ్బు, రెండూ ఆయన ఓడ ఎక్కకముందే కుదిరాయి. ముందు నువ్వు వెళ్లిరా, రసీదులు పట్టుకురా, ఆ తర్వాత చూద్దాం అని వాళ్లు అని ఉంటే ఆయన మద్రాసు దాటి ఉండేవారు కాదు.

విదేశీ సదస్సులకు వెళ్లాల్సిన మన పరిశోధక విద్యార్థులకు ఇవాళ మనం చెబుతున్నది ఆ మాటే. వెళ్లిరండి, రసీదులు తెండి, తర్వాత చూద్దాం.

ఈ విషయం కొత్తగా వింటున్నవారి కోసం కాస్త వివరంగా చెబుతాను. ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీలో చేరిన అమ్మాయి గానీ అబ్బాయి గానీ నాలుగైదేళ్ల పాటు ఒకే సమస్య మీద పనిచేస్తారు. ఆ రంగంలోని వాళ్లంతా ఏడాదికో రెండేళ్లకో ఒకచోట చేరతారు. దాన్నే సదస్సు అంటాం. పేరున్న శాస్త్రవేత్తలు ప్రసంగిస్తారు. విద్యార్థుల్లో కొందరికి పది పదిహేను నిమిషాలు మాట్లాడే అవకాశం వస్తుంది. ఎక్కువమందికి పోస్టర్ ఇస్తారు. తాను చేసిన పనంతా ఒక పెద్ద కాగితం మీద అచ్చువేయించి, కేటాయించిన బోర్డుకు అంటించి, పక్కన నిలబడాలి. వచ్చినవాళ్లు అడుగుతారు, చెప్పాలి. బయటి నుంచి చూస్తే తిరనాళ్లలో బొమ్మల కొట్టులా ఉంటుంది. దాని కోసం లక్షన్నర పోసి వెళ్లాలా అని నన్ను అడిగిన తండ్రులున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి నేను చెప్పే జవాబు ఒక పోస్టర్ కథ.

నేను పాఠాలు చెప్పే విభాగంలో ఒక అమ్మాయి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పదార్థాల మీద పనిచేసింది. వాళ్లది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. వంగిపోయిన నడుములు, గార పట్టిన పళ్లు చూస్తూ పెరిగిన పిల్ల. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అల్యూమినాతో చేసిన గుళికల మీదుగా నీళ్లు పోనిస్తే ఫ్లోరైడ్ వాటికి అంటుకుని ఆగిపోతుంది. తన గుళికలు మామూలు వాటికంటే ఎక్కువ పట్టుకుంటున్నాయని ఆ అమ్మాయి చూపించింది. యూరప్‌లో జరిగే ఒక సదస్సుకు పోస్టర్ పంపితే తీసుకున్నారు.

బోర్డు దగ్గర నిలబడిన గంటకు ఇథియోపియా నుంచి వచ్చిన ఒక పరిశోధకుడు ఆగాడు. వాళ్ల రిఫ్ట్ వ్యాలీలోనూ ఇదే జబ్బు. ఆయన మొదట అన్నది, మేం నల్గొండ పద్ధతి వాడి చూశాం అని. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే ఆ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి మన జిల్లా పేరే పెట్టింది. అది ఇథియోపియా పల్లెల దాకా వెళ్లింది. తన జిల్లా పేరు అంతదూరంలో ఒక పరాయి మనిషి నోట వినేసరికి ఆ అమ్మాయికి నోట మాట రాలేదట. తర్వాత ఆయన గ్రాఫు మీద వేలు పెట్టి అడిగాడు: ఈ నీళ్లు ఎక్కడివి? ల్యాబులో స్వేదన జలంలో ఫ్లోరైడ్ కలిపి చేసిన నీళ్లని చెప్పింది. మా బావుల్లో బైకార్బొనేట్ చాలా ఎక్కువ, అది ఉంటే అల్యూమినా సరిగా పట్టుకోదు, మీ ఊరి బోరు నీళ్లతో చేసి చూశావా, అన్నాడు.

తిరిగొచ్చిన వారంలోనే ఊరెళ్లి క్యాన్లలో బోరు నీళ్లు పట్టుకొచ్చింది. ఆయన చెప్పినట్టే గుళికల శక్తి బాగా పడిపోయింది. గుళికల పైపూత మార్చి, మళ్లీ మళ్లీ చేసి, చివరికి ఆ నీళ్లకే పనికొచ్చే పదార్థం తయారుచేసింది. థీసిస్‌లో అందరూ మెచ్చుకున్న అధ్యాయం అదే. ఆ ప్రశ్న ఏ పత్రికలోనూ అచ్చయి లేదు. ఈమెయిల్ రాసి అడగడానికి అలాంటి మనిషి ఉన్నాడన్న సంగతే మాకు తెలియదు.

కరోనా రోజుల్లో, 2020లో, సదస్సులన్నీ ఆన్‌లైన్‌లో జరిగాయి కదా, అలాగే చేసుకోవచ్చు కదా అని కొందరంటారు. ప్రసంగాలు వినడానికి అది మేలే. రూపాయి ఖర్చు లేకుండా మా పిల్లలు ఎన్నో విన్నారు. కానీ కంప్యూటర్ తెర మీద పోస్టర్ ముందు ఎవరూ ఆగరు. ఆగినా గ్రాఫు మీద వేలు పెట్టరు.

ఇక డబ్బు సంగతి. నిధులు లేవని నేననడం లేదు. ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డుకు అంతర్జాతీయ ప్రయాణ సహాయ పథకం ఉండేది. విదేశీ సదస్సులో పత్రం సమర్పించే యువ పరిశోధకులకు దగ్గరి మార్గంలో ఎకానమీ టికెట్టు, రిజిస్ట్రేషన్ ఫీజు, వీసా ఫీజు ఇచ్చేది. 2023లో వచ్చిన చట్టంతో ఆ బోర్డు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది. సీఎస్ఐఆర్, ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం, ఇలా ఎవరి పథకాలు వాళ్లకున్నాయి. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఏసీఎం ఇండియా, ఐఏఆర్‌సీఎస్ అనే సంఘాలు కలిసి ఇచ్చే గ్రాంటు ఉంది. భూవిజ్ఞానం, ఖగోళశాస్త్రం, గణితం లాంటి రంగాల్లో అంతర్జాతీయ సంఘాలు వర్ధమాన దేశాల విద్యార్థుల కోసం కొంత సొమ్ము పక్కన పెడతాయి.

మరి చిక్కెక్కడ? తేదీల దగ్గర. ఇది కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే సంతకాలు పెట్టే పెద్దల్లో చాలామంది ఈ తేదీలను వరసగా పేర్చుకుని చూసి ఉండరు.

జూన్‌లో సదస్సు అనుకోండి. జనవరిలో అబ్‌స్ట్రాక్ట్ పంపాలి. తీసుకున్నామని మార్చిలో ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం జతచేయనిదే చాలా నిధి సంస్థలు దరఖాస్తు ముట్టుకోవు. మార్చిలో దరఖాస్తు పెడితే కమిటీ కూర్చుని మే నెలలో ఏదో ఒకటి చెబుతుంది. కానీ సదస్సు నిర్వాహకులు తక్కువ ఫీజుకు పెట్టిన గడువు ఏప్రిల్‌తో అయిపోతుంది. ఆ తర్వాత కడితే ఎక్కువ కట్టాలి. విమాన టికెట్టు ఏప్రిల్‌లో ఒక ధర, మే చివర్లో మరో ధర. వీసాకు స్లాట్ దొరకాలంటే ఏప్రిల్‌లోనే బుక్ చేసుకోవాలి. షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. వీసా రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. అంటే గ్రాంటు వస్తుందో రాదో తెలియకముందే పిల్లలు వేలకు వేలు పెట్టి కూర్చోవాలి. మే నెలలో గ్రాంటు మంజూరైందని ఉత్తరం వస్తే ఇంట్లో అందరూ సంతోషిస్తారు. అసలు సంగతి ఆ ఉత్తరం కింది భాగంలో ఉంటుంది: తిరిగివచ్చిన తర్వాత టికెట్టు, బోర్డింగ్ పాసులు, రసీదులు, హాజరు ధ్రువపత్రం సమర్పిస్తే సొమ్ము విడుదల చేస్తాం.

ఇక పిల్లల చేతికి వచ్చేది ఎంత? జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. అదీ 2023 జనవరి నుంచి. ఐఐటీల్లాంటి చోట ప్రధానమంత్రి ఫెలోషిప్ వచ్చినవాళ్లకు నెలకు 70,000 లేదా అంతకంటే ఎక్కువ, ఏడాదికి రెండు లక్షల పరిశోధన గ్రాంటు కూడా ఉంటాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీ చేసేవాళ్లకు యూజీసీ ఇచ్చేది నెలకు 8,000. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ 8,000 కూడా లేనివాళ్లు ఎంతోమంది. పొద్దున ల్యాబు, సాయంత్రం ఇంటర్ కాలేజీలో పాఠాలు. వీళ్లందరికీ ఎకానమీ టికెట్టు ధర ఒక్కటే. ఎవరి చేతిలో ముందే లక్షన్నర ఉందో వాళ్లు గ్రాంటు వాడుకుంటారు. లేనివాళ్లు మంజూరైన ఉత్తరం ఫైల్లో పెట్టుకుని ఊరుకుంటారు. యువ పరిశోధకులందరి కోసమని పెట్టిన పథకం ఇలా ఉన్నవాళ్ల ఇంటికే చేరుతోంది. నా మనసును కోస్తున్నది ఇదే.

మర్రిగూడ అమ్మాయి ఎలా వెళ్లిందని మీరు అడగవచ్చు. వాళ్ల అమ్మ గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టి వెళ్లింది. నాన్నకు బత్తాయి తోట ఉంది, ఆ ఏడాది కాపు డబ్బు బోరు వేయించడానికే అయిపోయింది. సదస్సు అయింది, వచ్చింది, పదిరోజుల్లో బిల్లులు పెట్టింది. విమానం మారే ఒక చోట ఎక్కించేవాళ్లు బోర్డింగ్ పాసు ముక్క తిరిగివ్వలేదు. ఆ ముక్క లేదని ఫైలు వెనక్కి వచ్చింది. విమాన సంస్థ నుంచి ప్రయాణించినట్టు ఉత్తరం తెప్పించి మళ్లీ పంపాం. తర్వాత ఆర్థిక సంవత్సరం మారిందన్నారు. యుటిలైజేషన్ సర్టిఫికెట్ పాత ఫారంలో ఉందన్నారు. డబ్బు వచ్చేసరికి మళ్లీ బత్తాయి కాపుకొచ్చింది. టికెట్టు డబ్బు పూర్తిగా ఇచ్చారు, అందులో వంక పెట్టడానికి లేదు. గాజుల మీద పడిన వడ్డీ ఎవరిస్తారు? ఆ ఖర్చుకు ఏ ఫారంలోనూ గడి లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ఎదురుచూసిన ఇళ్లకు ఈ బాధ నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

వీసా దగ్గర ఇంకో తంటా. గత కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చూపించాలి. ఫెలోషిప్ నెలనెలా పడితే చూపించవచ్చు. మూడు నాలుగు నెలలది ఒకేసారి పడే ఖాతా చూస్తే కౌంటర్‌లో వాళ్లకు అనుమానం. మంజూరైన గ్రాంటు ఉత్తరం చూపిస్తే, ఇది తర్వాత ఇచ్చే డబ్బు కదా, ఇప్పుడు మీ దగ్గరేముంది అంటారు. వాళ్ల ప్రశ్నలో తప్పులేదు. తప్పు ఆ ఉత్తరంలో ఉంది.

సాటివాళ్లను కలవలేని బాధ మన ఒక్కళ్లదే కాదు. నోబెల్ బహుమతి అందుకున్న అబ్దుస్ సలాం 1950ల మొదట్లో లాహోర్ ప్రభుత్వ కళాశాలలో పాఠాలు చెప్పేవారు. చుట్టుపక్కల తన విషయం మాట్లాడటానికి ఒక్క మనిషి లేడు. భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలీ బొంబాయి వచ్చారని తెలిసి పరుగున వెళ్లి కలిసివచ్చారు. అనుమతి లేకుండా వెళ్లారని పైవాళ్లు ఆగ్రహించారు, చివరికి ఆ రోజులను జీతం లేని సెలవుగా రాసుకున్నారు. 1954లో ఆయన కేంబ్రిడ్జికి వెళ్లిపోయారు. దేశం విడిచిపెడితే తప్ప భౌతికశాస్త్రం చేయలేకపోవడం ఆయన్ని వదలని బాధ. 1964లో ఇటలీలోని ట్రియెస్టేలో అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం పెట్టినప్పుడు, పేద దేశాల వాళ్లు వచ్చి, కొన్నాళ్లుండి, తిరిగి తమ ఊళ్లకు వెళ్లి పనిచేసుకునేలా ఏర్పాటు చేశారు. రాకపోకలు, బస, భోజనం కేంద్రం చూసుకుంటుంది. మన దేశం నుంచి ఎన్నో వందలమంది అలా వెళ్లొచ్చారు. 2014లో సియోల్‌లో ప్రపంచ గణిత మహాసభ జరిగినప్పుడు కొరియా వాళ్లు వర్ధమాన దేశాల గణితజ్ఞులు 1,000 మందిని తమ ఖర్చుతో పిలిచారు. తాము ఆలస్యంగా మొదలుపెట్టి పైకొచ్చామన్న ఎరుక వాళ్లతో ఆ పని చేయించింది.

దానికి ముందు మహాసభ, 2010 ఆగస్టులో, మన హైదరాబాద్‌లోనే జరిగింది. హైటెక్ సిటీ దగ్గరి కన్వెన్షన్ సెంటర్‌లో మూడు వేలమంది దాకా చేరారు. ఫీల్డ్స్ పతకాలు అక్కడే ఇచ్చారు. 2017లో అదే చోట స్ఫటికశాస్త్రవేత్తల ప్రపంచ మహాసభ జరిగింది. వరంగల్ నుంచి, అనంతపురం నుంచి పిల్లలు రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగారు. సదస్సులు మన దగ్గరికి రావడం ఎంత మేలో ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. దేశంలో జరిగే సదస్సుకైతే రైల్వే వాళ్లు పరిశోధన పనిమీద వెళ్లే 35 ఏళ్ల లోపు స్కాలర్లకు స్లీపర్‌లో సగం చార్జీ తగ్గిస్తారు. ఈ సంగతి తెలియని స్కాలర్లు ఇప్పటికీ కనిపిస్తారు.

ఇప్పుడు నేను అడగదలచుకున్నది. కొత్త పథకం కాదు, కోట్లు కాదు. ప్రతి విశ్వవిద్యాలయంలో పది లక్షలతో ఒక రివాల్వింగ్ ఫండ్. పల్లెల్లో పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు ఇది బాగా తెలిసిన ఏర్పాటు. గ్రాంటు మంజూరైన ఉత్తరం చేతికి రాగానే విద్యార్థికి ఆ నిధి నుంచి అడ్వాన్సు ఇవ్వాలి. గ్రాంటు డబ్బు వచ్చినప్పుడు నేరుగా ఆ నిధి ఖాతాకే జమకావాలి. బిల్లు ఆలస్యమైతే ఎదురుచూసేది విశ్వవిద్యాలయం, ఆ అమ్మ గాజులు కావు. ఒక ఏడాది ఆరుగురు వెళ్తారు, డబ్బు తిరిగొస్తుంది, మరుసటి ఏడాది మళ్లీ ఆరుగురు.

ఈ మాట ఒక సమావేశంలో అంటే వెంటనే వచ్చిన ప్రశ్న, వెళ్లినవాడు తిరిగిరాకపోతే? డిగ్రీ ఇవ్వాల్సింది విశ్వవిద్యాలయమే. నో డ్యూస్ సర్టిఫికెట్ లేకుండా లైబ్రరీ పుస్తకమే వదలని చోట లక్షన్నర ఎలా పోతుంది? గైడ్ హామీ సంతకం పెడతారు. నేను పెడతాను. ఆడిట్ అభ్యంతరం వస్తుందన్నారు ఇంకొకరు. మనం, అంటే ప్రొఫెసర్లం, పరీక్షల డ్యూటీకి వెళ్లినా సెలక్షన్ కమిటీకి వెళ్లినా టీఏ అడ్వాన్సు తీసుకుంటూనే ఉన్నాం. ఆ అడ్వాన్సుల మీద ఆడిట్ వాళ్లు ఎప్పుడూ అడ్డుచెప్పలేదు. పరిశోధన చేసేది విద్యార్థి, అడ్వాన్సు అందేది గైడ్‌కు. ఈ తేడాకు ఏ నిబంధనలోనూ కారణం రాసి లేదు.

ఇంకో దారీ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఖర్చుతో చేసే విమాన ప్రయాణాలకు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటి ద్వారానే టికెట్టు కొనాలన్న ఉత్తర్వు ఉంది. ఆ ఉత్తర్వు ప్రకారమే, నిధి ఇచ్చే ఆఫీసే టికెట్టు కొని విద్యార్థికి పంపవచ్చు. బోర్డింగ్ పాసు ముక్క కోసం వెతుకులాట ఉండదు, దొంగ బిల్లుల భయమూ ఉండదు. తేదీల చిక్కు కూడా తీరాలంటే కమిటీలు మూడు నెలలకోసారి కాకుండా నెలకోసారి కూర్చోవాలి. ఆన్‌లైన్‌లో కూర్చునే కమిటీకి అది పెద్ద పనేం కాదు.

ఈ ప్రసంగం వింటున్న స్కాలర్లకు ఒక మాట. రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేయమని నిర్వాహకులకు ఉత్తరం రాయడానికి మొహమాటపడకండి. చాలా సదస్సుల్లో ఆ వెసులుబాటు ఉంటుంది, అడిగినవాళ్లకే దక్కుతుంది. కంప్యూటర్ సైన్స్ సదస్సుల్లో విద్యార్థి వాలంటీర్లుగా పనిచేస్తే ఫీజు లేకుండా లోపలికి రానిస్తారు. చంటిబిడ్డల తల్లులైతే బిడ్డ సంరక్షణ ఖర్చుకు గ్రాంటు ఉందేమో కనుక్కోండి, పెద్ద సంఘాలు కొన్ని ఇస్తున్నాయి. పోస్టర్ గుడ్డ మీద అచ్చువేయిస్తే మడతపెట్టి సంచిలో పెట్టుకోవచ్చు, పొడవాటి గొట్టం మోసుకెళ్లక్కర్లేదు. అన్నిటికంటే ముందు, మంజూరైన రోజే విభాగాధిపతికి అడ్వాన్సు కోరుతూ రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. ఇవ్వరని తెలిసినా పెట్టండి. అర్జీలు లేవు కాబట్టి అవసరం లేదనుకున్నాం అనే మాట ఎవరి నోటా రాకూడదు.

విదేశాల్లో స్థిరపడిన మా పాత విద్యార్థులూ కొందరు ఈ ప్రసారం వింటున్నారని తెలుసు. మీ ఊళ్లో ఏ సదస్సు జరుగుతున్నా మీరు చదివిన విభాగానికి ఒక ఈమెయిల్ రాయండి, మా ఇంట్లో నాలుగు రాత్రులు ఉండవచ్చని. యూరప్ ఊళ్లలో హోటల్ గది ఖర్చు టికెట్టులో సగం దాకా వస్తుంది, ప్రభుత్వ గ్రాంటుల్లో దానికి డబ్బు రావడం అరుదు. మీరు గది ఇస్తే ఆ మేరకు విద్యార్థి ఖర్చు తగ్గుతుంది, ఆ మిగిలిన సొమ్ముతో వీసా ఫీజూ రిజిస్ట్రేషనూ కట్టవచ్చు.